అమెరికాలో పదహారేళ్లకే కారు ఇచ్చేస్తారా?

నమస్తే అండీ! వైజాగ్ వచ్చేశాం, ఎంవీపీ కాలనీలో అన్నయ్య వాళ్లింట్లో ఉన్నాం. రుషికొండ వీడియో రేపు పెడతాను. ఈరోజు మాత్రం మా మేనల్లుడు అడిగిన ప్రశ్న గురించి మాట్లాడాలి. వాడు ఇంటర్ ఫస్టియర్. "అత్తా, బావ పదహారేళ్లకే కారు నడిపాడు కదా, నాకు స్కూటీ కూడా ఎందుకివ్వరు?" అన్నాడు.

నడిపిన మాట నిజమే, కానీ ఒంటరిగా కాదు. మేముండే న్యూజెర్సీలో పదహారేళ్లకి వచ్చేది పర్మిట్ మాత్రమే. డ్రైవింగ్ స్కూల్లో ఆరు గంటలు నేర్చుకున్నాక కనీసం ఆరు నెలలు పక్కన పెద్దవాళ్లు కూర్చోవాలి. 2025 ఫిబ్రవరి నుంచి 50 గంటల ప్రాక్టీస్ తప్పనిసరి చేశారు, అందులో 10 గంటలు రాత్రిపూట. రోడ్డు టెస్ట్ పాసై పదిహేడు నిండితే అప్పుడు ప్రొబేషనరీ లైసెన్స్, అంటే షరతులతో ఇచ్చేది. దాంతో కూడా రాత్రి 11 దాటాక తెల్లవారి 5 వరకు బండి తీయకూడదు. అమ్మానాన్నలు లేకపోతే ఒక్క ఫ్రెండ్‌ని మించి ఎక్కించుకోకూడదు. ఫోన్ అసలు ముట్టకూడదు, హ్యాండ్స్‌ఫ్రీ కూడా కుదరదు. నంబర్ ప్లేట్ మీద ఎర్ర స్టిక్కర్ ఉంటుంది, పోలీసులకి దూరం నుంచే తెలిసిపోతుంది. పూర్తి లైసెన్స్ పద్దెనిమిది దాటాకే.

ఫ్రెండ్స్ మీద అంత పట్టింపేంటి అంటారేమో. నాకు వీటన్నిటిలో అన్నిటికంటే అవసరమైన రూల్ అదే అనిపిస్తుంది. పక్కన అమ్మో నాన్నో ఉన్నన్నాళ్లూ పిల్లలు బాగానే నడుపుతారు. ప్రమాదాలు ఒక్కసారిగా పెరిగేది ఒంటరిగా తీయడం మొదలుపెట్టిన నెలల్లోనే. ఆ సమయంలో బండి నిండా ఫ్రెండ్స్ ఉంటే ఇంకా ఎక్కువ. సాయంత్రం బీచ్ రోడ్డులో ముగ్గురేసి పిల్లలు హెల్మెట్ లేకుండా స్కూటీల మీద వెళ్తుంటే నా గుండె ఆగిపోతోందండీ.

మన చట్టంలో పదహారేళ్లకి గేర్లు లేని 50 సీసీ బండికే లైసెన్స్ ఇస్తారు. వాడడిగే స్కూటీ 110 సీసీ. 2019లో చేసిన మార్పుల ప్రకారం మైనర్ బండి నడిపి ఈ చట్టం కింద నేరం చేస్తే, ప్రమాదం జరగకపోయినా సరే, తల్లిదండ్రులకో బండి ఓనర్‌కో మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు. ఆ పిల్లాడికి పాతికేళ్లు వచ్చేదాకా లైసెన్స్ రాదు. ఇదంతా చెప్తే మా వదిన "ట్యూషన్‌కే కదా అని నేనే ఇద్దామనుకున్నాను వదినా" అంది.

ఇక్కడ పద్దెనిమిదికి ఎల్‌ఎల్‌ఆర్ (నేర్చుకునేవాళ్లకిచ్చే లెర్నర్ లైసెన్స్) తీసుకుంటే, నెల తర్వాత టెస్ట్‌కి వెళ్లొచ్చు. పాసైతే మర్నాడే అర్ధరాత్రి నలుగురిని కార్లో ఎక్కించుకుని భీమిలి వెళ్లినా అడిగేవాళ్లు లేరు. మధ్యలో మెట్లు లేవు. చట్టంలో లేకపోతే ఇంట్లో పెట్టుకోవచ్చు కదా అన్నాను. అన్నయ్య సరేనన్నాడు: వాడికి పద్దెనిమిది వచ్చాక పొద్దున్నే కాలనీ వీధుల్లో తనే పక్కన కూర్చుంటాడు, చెయ్యి తిరిగాక బీచ్ రోడ్డు, హనుమంతవాక జంక్షన్, హైవే అన్నిటికంటే చివర. మొదటి ఏడాది రాత్రిళ్లు ఫ్రెండ్స్‌తో బండి లేదు. అప్పటిదాకా ట్యూషన్‌కి ఆటోలోనే.