ఒకే మోటార్‌కి రెండు గేర్ పంపులు: ప్రెస్ పవర్ ప్యాక్‌కి ట్యాండెమ్ డిజైన్

హాయ్, స్క్రీన్ కనపడుతోంది కదా. ఇవాళ సాలిడ్‌వర్క్స్ అనే 3డి డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో, చిన్న హైడ్రాలిక్ ప్రెస్ పవర్ ప్యాక్‌కి, అంటే ప్రెస్‌కి ఆయిల్ తోసే యూనిట్‌కి, ఒకే మోటార్ మీద రెండు గేర్ పంపులు ఒకదాని వెనక ఒకటి బిగిస్తున్నాం. రామ్, అంటే ప్రెస్‌లో కిందికి దిగి నొక్కే భాగం, గబగబా దిగాలి, దిగాక గట్టిగా నొక్కాలి. దిగేటప్పుడు ఆయిల్ ఎక్కువ కావాలి, ప్రెషర్ అక్కర్లేదు. నొక్కేటప్పుడు దానికి పూర్తి రివర్స్.

ఒకే 48 సీసీ పంపుతో, అంటే ఒక్కో తిప్పుకి 48 సీసీల ఆయిల్ తోసే పంపుతో, 200 బార్ ప్రెషర్ లాగితే, ఇదిగో ఈ సెల్ చూడండి, 1450 ఆర్‌పీఎమ్ దగ్గర నిమిషానికి దాదాపు 70 లీటర్లు, ఇంటూ 200, బై 600, అంటే 23 కిలోవాట్లు. అదే 40, 8 సీసీలుగా విడగొట్టి, 50 బార్ రాగానే పెద్దదాన్ని అన్‌లోడింగ్ వాల్వ్‌తో ట్యాంక్‌లోకి వదిలేస్తే పవర్ 5.8 కిలోవాట్ల దగ్గర ఆగుతుంది. నష్టాలు కలిపినా 7.5 కిలోవాట్ల మోటార్ చాలు.

మోటార్‌ని పంపుకి కలిపే ఫ్లాంజ్, బెల్ హౌసింగ్, కప్లింగ్... ఇవి లైబ్రరీలోంచి లాగేస్తున్నా, మేట్స్, అంటే భాగాల్ని ఒకదానికొకటి జత చేసే కమాండ్లు, మీకు తెలిసినవే. అన్నట్టు సాలిడ్‌వర్క్స్‌లో ఎస్ కీ కొడితే కర్సర్ దగ్గరే షార్ట్‌కట్ బార్ వస్తుంది, నేను పై టూల్‌బార్ జోలికే పోను.

ఇక్కడ ఆగుదాం. ఏ పంపు ముందు, అంటే మోటార్ వైపు, ఏది వెనక? పొడవు ఎలా పెట్టినా దాదాపు ఒకటే, కానీ షాఫ్ట్‌కి ఒకటి కాదు. టార్క్, అంటే షాఫ్ట్‌ని తిప్పే బలం, న్యూటన్ మీటర్లలో సీసీ ఇంటూ బార్, బై 62.8. ముందు షాఫ్ట్ రెండు పంపుల టార్క్ మోస్తుంది, మధ్యలో ఈ చిన్న కప్లింగ్ ఉంది చూశారా, జూమ్ చేస్తా, ఇది వెనక పంపు టార్క్ ఒక్కటే మోస్తుంది. కేటలాగ్‌లో ఈ రెండింటికీ వేర్వేరు లిమిట్లు ఉంటాయి, మధ్యదాని లిమిట్ తరచుగా తక్కువ. మళ్లీ చెప్తున్నా, మధ్యదాని లిమిట్ విడిగా చూడండి.

చిన్నది వెనక పెడితే 200 బార్‌కి మధ్య కప్లింగ్ మీద 25 న్యూటన్ మీటర్లు, అంతే. పెద్దది వెనక పెట్టామనుకోండి, మామూలుగా 32, కానీ అన్‌లోడింగ్ వాల్వ్ ఇరుక్కుపోయి అది కూడా 200కి ఎక్కితే 127! ముందు షాఫ్ట్ మీదైతే, ఏది ఎక్కడున్నా, మొత్తం 153. అందుకే పెద్ద పంపుకి విడిగా 70 బార్ రిలీఫ్, అంటే ప్రెషర్ అంతకి మించితే తెరుచుకునే వాల్వ్, పెట్టండి, ఆయిల్‌ని ఒకవైపే పోనిచ్చే చెక్ వాల్వ్‌కి ముందు, అంటే పంపు వైపే, అవతల పెడితే చిన్న పంపు ప్రెషర్ కూడా 70 దగ్గరే ఆగిపోతుంది. రిలీఫ్ సరిగ్గా ఉంటే ముందు షాఫ్ట్ మీద 70 న్యూటన్ మీటర్లకి మించదు. రిలీఫ్ తెరుచుకుంటే ఆయిల్ వేడెక్కుతుంది, కానీ షాఫ్ట్ మిగులుతుంది.

ఇక సక్షన్, అంటే ట్యాంక్‌లోంచి పంపులు ఆయిల్ లాక్కునే వైపు. రెండింటికీ కామన్ ఇన్‌లెట్ తీసుకుంటే ఒక హోస్ తగ్గుతుంది, చోటు కలిసొస్తుంది, కానీ 70 లీటర్లు ఒకే పైపులోంచి, సెకనుకి సుమారు ఒక మీటర్ వేగం దాటకుండా రావాలంటే లోపలి వ్యాసం 38 మిల్లీమీటర్లు ఉండాలి. ఒకటిన్నర అంగుళం తీసుకోండి. చోటు కోసం ఇంచు పైపు పెట్టేవాళ్లున్నారు, ఆ పంపు గరగరమని అరుస్తుంది, గేర్లు కావిటేషన్‌తో, అంటే ఆయిల్‌లో బుడగలు ఏర్పడి పగలడంతో, పాడవుతాయి.

చివరగా ఇంటర్‌ఫియరెన్స్ డిటెక్షన్ రన్ చేస్తున్నా, భాగాలు ఒకదానిలో ఒకటి దూరుతున్నాయేమో చూసే టూల్ ఇది. ఏదీ దూరలేదు. కానీ స్పానర్ తిరిగే చోటు ఉందో లేదో సాఫ్ట్‌వేర్ చెప్పదు, అందుకే స్పానర్ మోడల్ ఒకటి తెచ్చి ఈ వెనక బోల్ట్ మీద పెడుతున్నా... తగులుతోంది, చూశారా, ప్రెషర్ హోస్ ఎల్బోకి. ఎల్బోని 45 డిగ్రీలు తిప్పుతా. ఇప్పుడు తిరుగుతోంది. సేవ్.