గోడలో ఒక కిటికీ

అందరికీ నమస్కారం. ముందే చెప్పేస్తున్నా, నేను పెద్ద తాగేవాణ్ణేం కాదు. అర పింట్ బీరు ముందు పెట్టుకుని సాయంత్రమంతా లాగించే రకం. అయినా ఇవాళ పబ్బు గురించే మాట్లాడతాను.

పబ్ అనగానే మనవాళ్లకి జూబ్లీహిల్స్ గుర్తొస్తుంది. చీకటి, డీజే, తలుపు దగ్గర బౌన్సర్లు. ఇంగ్లండ్ పల్లెటూరి పబ్బు వేరే లోకం. డోర్సెట్‌లో సముద్రానికి దగ్గరగా వర్త్ మాట్రవర్స్ అని చిన్న ఊరుంది. అక్కడి పబ్బు పేరు 'స్క్వేర్ అండ్ కంపాస్'. మూలమట్టం, కంపాస్... రాతిపనివాళ్ల పనిముట్లు. ఆ చుట్టుపక్కలంతా రాతి క్వారీలే. సాల్స్‌బరీ కెథడ్రల్‌లో నున్నగా మెరిసే స్తంభాలు పర్బెక్ అనే ఈ ప్రాంతపు రాయే. పబ్బుని 1907 నుంచి ఒకటే కుటుంబం నడుపుతోంది.

మొదటిసారి వెళ్లినప్పుడు కౌంటర్ కోసం వెతుక్కున్నాను. లేదు! రాతి పలకలు పరిచిన ఇరుకు నడవా, గోడలో ఒక కిటికీ. నా ముందు బురద బూట్లతో ముగ్గురు. కిటికీ అవతలావిడ పీపా కుళాయి తిప్పి, గ్లాసు నిండేదాకా తాపీగా నిలబడింది. తినడానికేముందన్నాను. పేస్టీ ఉందంది, అంటే లోపల కూర పెట్టి కాల్చిన పెద్ద కజ్జికాయలాంటిది. ఇంకా? ఇంకో రకం పేస్టీ.

ఇలాంటి పల్లె పబ్బులు చాలావరకు ఒకప్పుడు ఇళ్లే. జనం జిన్ అనే ఘాటు సారా తాగి పాడైపోతున్నారని, దాని బదులు బీరు తాగితే మేలని 1830లో బ్రిటిష్ ప్రభుత్వం ఒక చట్టం తెచ్చింది. పన్ను కట్టే గృహస్థు ఎవరైనా ఏడాదికి రెండు గినీలు, అంటే రెండు పౌండ్ల పైచిలుకు, కట్టి ఇంట్లోనే బీరు అమ్ముకోవచ్చు. ముందుగది పబ్బయింది, వెనకగదిలో సంసారం సాగింది. అందుకే ఇలాంటి చోటికెళ్తే ఎవరింటికో చుట్టపుచూపుగా వెళ్లినట్టుంటుంది. నలుగురు కూర్చున్న బల్ల మీదే మనమూ ఇరుక్కోవాలి. పక్కాయన వర్షం గురించి మొదలుపెడతాడు. ఇక తప్పించుకోలేం.

బీరు చల్లగా లేదని మనవాళ్ల కంప్లయింట్. అది పన్నెండు డిగ్రీల దగ్గర ఉండాల్సిన సరుకు. పీపాలో ఇంకా పులుస్తూనే ఉంటుంది, తెరిచాక కొద్ది రోజుల్లో అయిపోవాలి. పొద్దున దించిన కల్లు రాత్రికి ఏమవుతుందో తెలిసినవాళ్లకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

ఈమధ్య ఊళ్లలో పబ్బులు కొత్తగా కట్టి పాతదనం పూస్తున్నారు. ఉత్తుత్తి దూలాలు, గజాల లెక్కన కొన్న పాత పుస్తకాలు. నాకవి చూస్తే చిరాకు. వర్త్‌లో పక్కగదిలో శిలాజాల మ్యూజియం ఉంది, అదీ అలంకారం కాదు. ఆ ఇంటివాళ్లు ఏళ్ల తరబడి ఏరి తెచ్చుకున్నవి.

నేను బయట రాతిబల్ల దగ్గర కూర్చున్నాను. ఎదురుగా పొలాలు, వాటి అవతల సముద్రం. అటు చూస్తూ ఉండగా కోడి ఒకటి వచ్చి నా పేస్టీ అంచు ఎత్తుకుపోయింది. పక్కాయన చూశాడు. చూసి, ముందే చెప్పలేదు.