హవానా చుట్ట: మట్టి గుణం, కూర్పు నేర్పు

శ్రోతలకు నమస్కారం.

పొగాకు పండే దేశాలు ప్రపంచంలో ఎన్నో ఉన్నాయి. చేత్తో చుట్టలు చుట్టే దేశాలూ తక్కువేమీ కావు. అయినా క్యూబా దేశపు హవానా చుట్టకు ఉన్న పేరు మరొక చుట్టకు రాలేదు. అది కేవలం పాత కీర్తి వల్ల, ప్రచారం వల్ల నిలిచిన పేరని కొందరు అంటారు. ఆ మాటతో నేను ఏకీభవించను. క్యూబా పడమటి కొసన ఉన్న కొద్దిపాటి నేల ఆకుకు ఇచ్చే గుణం ఒకటి, ఆ ఆకులను ఏ పాళ్లలో కలపాలో తెలిసిన మనిషి నేర్పు మరొకటి. ఈ రెంటిలో ఏది లోపించినా అది హవానా చుట్ట కాజాలదు.

ముందుగా ఒక మాట స్పష్టంగా చెప్పాలి. పొగాకు ప్రాణాంతకమైనది. చుట్ట పొగను ఊపిరితిత్తుల్లోకి పీల్చకపోయినా నోటి క్యాన్సర్, గొంతు క్యాన్సర్ ముప్పు తప్పదు. ఈ ప్రసంగం పొగ తాగమని చెప్పడానికి కాదు. ఒక పంటను, దానిని నమ్ముకుని శతాబ్దాలుగా సాగుతున్న ఒక చేతిపనిని అర్థం చేసుకోవడానికి.

1492లో కొలంబస్ మనుషులు క్యూబా తీరంలో దిగేనాటికే అక్కడి తైనో ప్రజలు పొగాకు తాగుతున్నారు. ఈనాడు ఆ దీవిలో పొగాకు పలుచోట్ల పండుతున్నా, అందరూ మొదట చెప్పేది పినార్ దెల్ రియో రాష్ట్రంలోని వుయెల్తా అబాహో ప్రాంతం పేరే. అందులోనూ శాన్ లూయిస్, శాన్ హువాన్ ఇ మార్తీనెస్ అనే రెండు పట్టణాల చుట్టుపక్కల పొలాలకు విలువ ఎక్కువ. అక్కడిది ఎర్రని ఇసుక నేల, నీరు నిలవనివ్వదు. అక్టోబరులో వానలు వెనకబట్టాక నారు నాటుతారు. ఆపైన వచ్చే పొడి చలికాలంలో, పగటి ఎండకూ రాత్రి చల్లదనానికీ నడుమ ఆకు నిదానంగా ఎదుగుతుంది. చుట్ట లోపలి ఆకు, దానిని పట్టి ఉంచే ఆకు, పైన చుట్టే ఆకు, ఈ మూడు రకాలనూ మేలైనవిగా పండించగలిగింది ఈ ఒక్క ప్రాంతమే. హవానాకు దగ్గరగా ఉన్న పార్తీదో ముఖ్యంగా పై ఆకుకు పేరు పొందింది. దీవి నడుమనున్న రెమేదియోస్ ఆకు మొరటు రుచి గలది; హొసే పియెద్రా వంటి చౌక రకాల చుట్టల్లోకి ఆ వైపు ఆకు వెళుతుంది.

గోదావరి లంకల పొగాకు సంగతి తెలిసిన మన శ్రోతలకు ఇదంతా వింతగా తోచదు. వరద తెచ్చి వేసిన ఒండ్రు మీద పండిన ఆకుకు వచ్చే ఘాటు, అదే విత్తనం మెరక పొలంలో వేస్తే రాదని ఆ రైతులకు ఎవరూ చెప్పనక్కరలేదు.

నేల ఒకటే అయినా పెంపకం ఒకటి కాదు. పై ఆకు కోసం వేసిన తోటకు పలుచని గుడ్డతో పందిరి కడతారు. ఎండ నేరుగా తగలకపోవడం వల్ల ఆకు వెడల్పుగా, పలుచగా, ఈనెలు పైకి తేలకుండా పెరుగుతుంది. లోపలి ఆకు కోసం వేసిన మొక్కలను మాత్రం పూర్తి ఎండకు వదిలేస్తారు. అక్కడ అసలు విశేషం మొక్క ఎత్తులో ఉంది. అడుగున ఉన్న ఆకులను వొలాదో అంటారు. వాటికి రుచి తక్కువ, కానీ చక్కగా మండుతాయి. నడిమి ఆకులు సేకో, సువాసన వీటిది. ఎండను మొదట అందుకునే మొక్క కొస ఆకులు లిహేరో. నూనె, దళసరితనం, ఘాటు వీటిలో ఉంటాయి, కాలడం మాత్రం నెమ్మది. ఒకే నేల, ఒకే మొక్క, ఒకే ఎండ మూడు వేరువేరు స్వభావాలను ఇస్తున్నాయన్న మాట. కోత కూడా ఒక్కసారి జరగదు. అడుగు నుంచి మొదలుపెట్టి, పండిన ఆకులను విడతలు విడతలుగా కోస్తారు.

కోసిన ఆకులను గాలి ఆడే పాకల్లో సుమారు యాభై రోజులు వేలాడదీసి ఆరబెడతారు. తరువాత రెండు విడతలుగా పదును చేసి మండెలుగా పేరుస్తారు. తమ వేడికి తామే మగ్గుతున్న కొద్దీ ఆకుల్లోని చేదు, అమోనియా వాసన తగ్గిపోతాయి. ఆపైన మూటలు కట్టి నిలవ ఉంచుతారు. వొలాదోకు ఏడాది లోపు చాలు. లిహేరోకు కనీసం రెండేళ్లు పడుతుంది. 1966లో మొదలైన కొహీబా చుట్టల్లోకి వెళ్లే సేకో, లిహేరో ఆకులను పీపాల్లో మూడోసారి కూడా మగ్గబెడతారు.

ఇక కూర్పు. ప్రతి కర్మాగారంలోనూ లిగదోర్ అనే కూర్పరి ఉంటాడు. ఏ చుట్టలో వొలాదో ఎంత, సేకో ఎంత, లిహేరో ఎంత, అవి ఏ పొలానివి, ఏ ఏటివి అన్నది నిర్ణయించేది అతడే. చుట్టేవారికి ఆ పాళ్ల ప్రకారమే ఏ రోజుకు ఆ రోజు ఆకు పంచి ఇస్తారు. లిహేరోను మధ్యలో మడిచి పెట్టి చుట్టాలి. పక్కకు జరిగితే చుట్ట ఒకవైపే కాలుతుంది. బోలివార్, పార్తాగాస్ చుట్టలు ఘాటుగా ఉండటానికీ, ఓయో దె మోంతెర్రే మెత్తగా ఉండటానికీ ప్రధాన కారణం ఈ పాళ్లే. సన్నని చుట్టలో లిహేరోకు చోటు చాలా తక్కువ. అందువల్ల ఒకే పేరు గల చుట్టల్లోనూ లావు మారితే కూర్పు మళ్లీ సరిచూడాల్సిందే.

ఈ పని ఎంత కష్టమో ఆలోచించండి. పంట ఏ రెండేళ్లూ ఒకేలా రాదు. వాన ఆలస్యమైతే ఆకు మారుతుంది, చలి తగ్గితే మారుతుంది. 1980 ప్రాంతంలో నీలి బూజు తెగులు క్యూబా పొగాకును దాదాపు తుడిచిపెట్టింది. ఆ తరువాతి కాలంలో పాత కొరోహో రకం స్థానంలో తెగులును తట్టుకునే కొత్త వంగడాలు వచ్చాయి. 2022 సెప్టెంబరులో ఇయాన్ తుపాను పినార్ దెల్ రియోలో ఆకు ఆరబెట్టే పాకలను వేల సంఖ్యలో నేలకూల్చింది. ఆకు మారినా, కొరత వచ్చినా చుట్ట మాత్రం నిరుటి చుట్టలాగే ఉండాలని కొనేవాడు కోరుకుంటాడు. దానికోసం కూర్పరి పాళ్లను సవరించుకుంటూ పోతాడు. నా దృష్టిలో అతడు కాపాడేది ఒక లెక్కను కాదు, ఒక జ్ఞాపకాన్ని.

అయితే ఆ నేర్పుకూ ఒక హద్దు ఉంది. 1959 నాటి క్యూబా విప్లవం తరువాత దేశం విడిచిన పొగాకు కుటుంబాలు డొమినికన్ రిపబ్లిక్, నికరాగువా, హోండురాస్‌లలో క్యూబా విత్తనాన్నే నాటాయి. మొక్క అదే, విద్య అదే, చేతులూ అవే. వాటి చుట్టలకు మంచి పేరే వచ్చింది. కొన్ని దేనితోనూ పోల్చనక్కరలేనంత బాగుంటాయని ఎరిగినవారు చెబుతారు. కానీ ఆ రుచి వాటి సొంతం, వుయెల్తా అబాహోది కాదు. తన చేతికి రాని గుణాన్ని ఏ కూర్పరీ కలపలేడు.

హవానా కర్మాగారాల్లో రుచి చూసేవారి బృందాలు వేరుగా ఉంటాయి. ఏ రోజు చుట్టలను ఎవరు చుట్టారో చెప్పకుండా వారి ముందు పెడతారు. పొగ సులువుగా వస్తున్నదా, సమంగా కాలుతున్నదా, వాసన ఎలా ఉంది, ఘాటు ఆ పేరుకు తగినంత ఉందా అని ఒక్కొక్కటీ పరీక్షించి వారు మార్కులు వేస్తారు. పొగ బిగుసుకుంటే ఆ తప్పు చుట్టిన చేతిది. ఘాటు తప్పితే మాత్రం కబురు తిరిగి కూర్పు గదికి వెళుతుంది.