హైదరాబాద్ ఇంటి నంబర్‌లో అన్ని ‘బై’లు ఎందుకు?

ఎయిట్ డ్యాష్ టూ డ్యాష్ టూ నైంటీత్రీ బై ఎయిటీటూ బై ఏ.

జూబ్లీహిల్స్‌లో చాలా ఇళ్ల అడ్రస్ ఇలాగే మొదలవుతుంది. ఊరికి కొత్తగా వచ్చినవాళ్లు దీన్ని చూసి ఒకటే జోకు వేస్తారు: “మున్సిపాలిటీవాళ్లు చిట్టీలు తీసి నంబర్లు పంచారా?” విని విని విసుగొచ్చింది. చిట్టీలూ లేవు, లాటరీలూ లేవు. దాని వెనక చక్కటి లెక్క ఉంది. ఆ లెక్క చేసింది మీకోసం కాదు, అక్కడే వచ్చింది చిక్కు.

[స్క్రీన్ మీద: 8-2-293]

మొదటి అంకె వార్డు. రెండోది ఆ వార్డులో బ్లాకు. మూడోది ఆ బ్లాకులో ఇల్లు. దీన్ని ఒక వంశం అనుకోండి. వార్డు అంటే ఇంటిపేరు. పెళ్లిళ్లలో పెద్దవాళ్లు ఇంటిపేరు వినగానే “ఓహో, మీది ఫలానా ఊరు కదూ” అంటారు చూడండి, ఇక్కడా అంతే. 3-6 అన్నారా, హిమాయత్‌నగర్. 6-3 అయితే సోమాజిగూడ, పంజాగుట్ట వైపు. 7-1 అమీర్‌పేట. 8-2 బంజారాహిల్స్, జూబ్లీహిల్స్; 8-3 శ్రీనగర్ కాలనీ, యూసుఫ్‌గూడ. 16-11 అంటే దిల్‌సుఖ్‌నగర్ దారి పట్టొచ్చు. పాత పోస్ట్‌మ్యాన్‌ని అడగండి, మ్యాప్ తెరవకుండా చెప్తారు.

ఒక్క జాగ్రత్త. ఈ వార్డుకీ, మీరు కార్పొరేటర్‌కి ఓటేసే వార్డుకీ సంబంధం లేదు. ఎన్నికల వార్డుల హద్దులు మారుతూనే ఉంటాయి. ఇంటి నంబర్‌లో ఉన్నది పాత రెవెన్యూ వార్డు. ఎవరు గెలిచినా, ఎవరు ఓడినా దాని ఇంటిపేరు దానిదే.

సరే, ‘బై’ సంగతి. ఒక బ్లాకులో ఇళ్లకి వరసగా 99, 100, 101 అని నంబర్లు వేసేశారు. తర్వాత 100వ నంబర్ ఇంటాయన పెరట్లో ఇంకో ఇల్లు కట్టాడు. దానికి ఏ నంబర్ ఇవ్వాలి? 101 పక్కింటాయనది. కాబట్టి 100 బై 1. కొన్నాళ్లకి ఆయన కొడుకులు పంచుకున్నారు, 100 బై 1 బై ఏ, 100 బై 1 బై బీ. చిన్నోడు తన వాటాని బిల్డర్‌కి ఇచ్చాడు, ఫ్లాట్లు లేచాయి, ఇంకో బై. చూశారా, వంశం అని పోలిక కోసం అన్నాను, అది నిజంగానే వంశం అయిపోయింది! అబిడ్స్, కాచిగూడ లాంటి పాత బస్తీల్లో ఒక నంబర్‌ని కుడి నుంచి ఎడమకి చదువుకుంటూ పోతే ఆ ఇంటి పంపకాల చరిత్ర చాలావరకు తెలిసిపోతుంది. పెళ్లి సంబంధం చూసేటప్పుడు జాతకం కంటే ముందు ఇంటి నంబర్ అడగడం మంచిదని నా అభిప్రాయం. బైలు ఎక్కువుంటే వాటాదారులూ ఎక్కువే.

ఇక మన 8-2-293/82. ఇది మామూలు తాత కాదు, ఊరంత సంతానం ఉన్న తాత. జూబ్లీహిల్స్ హౌసింగ్ సొసైటీ స్థలమంతా ఈ ఒక్క నంబర్ కిందికి వచ్చింది. అక్కడ ప్లాట్లు వేసినప్పుడు ఒక్కోదానికి కొత్త ఇంటి నంబర్ ఇవ్వకుండా, ఈ నంబర్‌కే బై ఏ పెట్టి, ఆ వెనక ప్లాట్ నంబర్ తగిలించారు. బంజారాహిల్స్ రోడ్ నంబర్ 12లో ఎమ్మెల్యే కాలనీకి వెళ్తే బై ఏ బదులు బై ఎల్. కొండలు ఎక్కి దిగినా, కిలోమీటర్లు తిరిగినా గేట్ల మీద అదే 8-2-293/82. కోట్లు పెట్టి కొన్న బంగళా, అడ్రస్ చూస్తే మాత్రం ఉమ్మడి కుటుంబంలో ఒక గది.

మరి ఇంత లెక్క ఉంటే డెలివరీ అబ్బాయి “అన్నా, లొకేషన్ పెట్టు” అని ఎందుకు అడుగుతాడు? పాపం అతని తప్పేం లేదు. నంబర్ వీధి వెంట నడవదు, బ్లాకు లోపల తిరుగుతుంది. మీ ఎదురింటి నంబర్‌కీ మీ నంబర్‌కీ పొంతన ఉండకపోవచ్చు, మధ్యలో బ్లాకు హద్దు వెళ్తుంటే అసలే ఉండదు. ఈ నంబర్లు ఆస్తిపన్ను వసూలు కోసం వేసినవి. బిల్ కలెక్టర్‌కి కావాల్సింది జాబితా, దారి కాదు. ఇప్పుడు పన్నుకి కూడా పీటీఐఎన్ అని 10 అంకెల వేరే నంబర్ ఉంది. అంటే ఎవరికోసం పుట్టిందో ఆయన కూడా దీన్ని పక్కన పెట్టేశాడు. మన గేటు మీద మాత్రం పాలరాయి మీద చెక్కించి పెట్టుకుంటాం.

ఇంకో తమాషా. హైదరాబాద్, సికింద్రాబాద్ మున్సిపాలిటీలు కలిసింది 1960లో. నంబర్లు కలపలేదు! అందుకే 10తో మొదలైతే అది మాసబ్‌ట్యాంక్ దగ్గర విజయనగర్ కాలనీ కావచ్చు, సికింద్రాబాద్‌లో మారేడుపల్లీ కావచ్చు. ఒకే ఇంటిపేరు, రెండు వేరే గోత్రాలు. ఏరియా పేరు రాయకపోతే మీ కొరియర్ హుస్సేన్‌సాగర్ దాటి తిరిగి రావాల్సిందే.

అయ్యో, టైం అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను. 2007లో చుట్టుపక్కల 12 మున్సిపాలిటీలు హైదరాబాద్‌లో కలిసి గ్రేటర్ కార్పొరేషన్, అంటే జీహెచ్ఎంసీ అయింది, వాటి నంబర్లు వాటివే. కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీ, అదే కేపీహెచ్‌బీలో ఇంకా చిత్రం, ఎల్‌ఐజీ, ఎంఐజీ, హెచ్‌ఐజీ, అంటే లో, మిడిల్, హై ఇన్‌కమ్ గ్రూపులు. హౌసింగ్ బోర్డు అప్పట్లో ఏ ఆదాయంవాళ్లకి కేటాయించిందో అదే అడ్రస్! ఇప్పుడు ఎల్‌ఐజీ స్థలంలో ఐదంతస్తుల హాస్టల్ ఉంటుంది, లో ఇన్‌కమ్ అంటే ఓనర్ నవ్వుతాడు. అత్తాపూర్‌వాళ్లు ఇంటి నంబర్ ఎప్పుడో వదిలేశారు, 2009లో పీవీ ఎక్స్‌ప్రెస్‌వే వచ్చాక అక్కడంతా పిల్లర్ నంబరే. నన్నడిగితే ఊళ్లో అన్నిటికంటే పనికొచ్చే అడ్రస్ అదే: వరసగా ఉంటుంది, రోడ్డు మీద ఉంటుంది, పంపకాలు ఉండవు. సికింద్రాబాద్‌లో సంగీత్ థియేటర్ పడగొట్టి ఏళ్లయినా చౌరస్తా ఇంకా సంగీతే. 2025లో తపాలా శాఖ డిజిపిన్ తెచ్చింది, నాలుగు మీటర్ల గడికి ఒక కోడ్, పది అక్షరాలు. ఫోన్‌లో అవతలివాడికి అది చదివి వినిపించండి చూద్దాం.

విజయవాడ, విశాఖవాళ్లు నవ్వుకోకండి, మీదీ ఇదే వంశం. 40-1 బెంజ్ సర్కిల్ వైపు, 47 ద్వారకానగర్.

కామెంట్స్‌లో మీ ఇంటి నంబర్‌లో మొదటి రెండు అంకెలు మాత్రమే పెట్టండి, మొత్తం పెట్టొద్దు. మీ ఏరియా నేను చెప్తాను. బైలు ఎన్ని ఉన్నాయో కూడా రాయండి. ఐదు దాటినవాళ్ల కామెంట్ పిన్ చేస్తాను.