కాయ కాసిందో లేదో చెప్పండి

శ్రోతలందరికీ నమస్కారం.

మిద్దెతోటల వాట్సాప్ గ్రూపుల్లో ఉన్నవాళ్లకు ఈ తంతు బాగా తెలుసు. పొద్దున్నే ఒక ఫోటో వస్తుంది. కుండీలో మిరప మొక్క, ఆకులన్నీ ముడుచుకుపోయి ఉంటాయి. కింద ఒకటే మాట: "ఏం చెయ్యాలో కాస్త చెప్పండి." గంట తిరిగేసరికి సలహాల జాతర మొదలు. ఒకరు వేపనూనె కొట్టమంటారు. ఒకరు పుల్లమజ్జిగ చల్లమంటారు. ఇంకొకాయన మొక్క పీకి పారేసి కొత్తది పెట్టుకోమంటాడు. వీళ్లందరి మధ్య ఒక పెద్దావిడ మాత్రం ఎదురు ప్రశ్న వేస్తుంది: "బాబూ, ఆకు అంచులు పైకి లేచాయా, కిందికి వంగాయా? ఆకు తిప్పి, దగ్గరగా ఇంకో ఫోటో పెట్టు."

ఆవిడ ఊరికే అడగలేదు. పైముడత అయితే చాలావరకు తామర పురుగుల పని. కిందిముడత అయితే నల్లి, మంచాల్లో ఉండేది కాదు, మొక్కలకు పట్టేది. తామర పురుగులకు నీలం రంగు జిగురు అట్టలు కడతారు. నల్లి అసలు పురుగుల జాతే కాదు, సాలెపురుగుకు దగ్గర బంధువు. మామూలు పురుగుమందులు చాలావాటికి అది లొంగదు. దానికి నీళ్లలో కరిగే గంధకం, లీటరుకు 3 గ్రాముల లెక్కన, ఎండ తగ్గాక కొట్టాలి. అప్పటికే వేపనూనె కొట్టి ఉంటే రెండు వారాలు ఆగాలి, లేకపోతే ఆకు మాడిపోతుంది. ఇవన్నీ ఆవిడ ఒక్కో అక్షరం వెతుక్కుంటూ టైపు చేసి పెడుతుంది. అవతలి నుంచి రెండు చేతులు జోడించిన బొమ్మ వస్తుంది. అంతే. ఆ మిరప మొక్క బతికిందో చచ్చిందో ఆ గ్రూపులో ఇంకెవరికీ తెలియదు.

ఆ కుర్రాడు మర్యాద తప్పాడని నేను అనను. దణ్ణం పెట్టాడు కదా. కాకపోతే ఆవిడ ఎదురుచూసేది దణ్ణం కోసం కాదు, కబురు కోసం. పది రోజులు పోయాక "నల్లేనండీ. గంధకం రెండుసార్లు కొట్టాను. కొత్త చిగురు శుభ్రంగా వస్తోంది" అని ఒక్క ముక్క రాస్తే చాలు. ఫోటో చూసి తను పట్టిన జబ్బు నిజమేనని ఆవిడకు తెలుస్తుంది. అదే గ్రూపులో ఇంకో పదిమంది మిరప మొక్కలకూ ఆ కబురు పనికొస్తుంది. అభిరుచి కోసం కలిసిన జనం మధ్య, డబ్బు ప్రసక్తి లేని చోట, సాయానికి ఇవ్వగలిగిన ప్రతిఫలం ఇంతకు మించి లేదని నా అభిప్రాయం.

రేడియోలో కూర్చుని రేడియో సంగతి చెప్పకుండా ఉండలేను. ఇంటర్నెట్ రాకముందు నుంచీ ఈ మర్యాదను నియమంగా పాటిస్తున్నవాళ్లు షార్ట్‌వేవ్ శ్రోతలు. దూరదేశాల స్టేషన్లను పట్టుకుని వినడం వాళ్ల సరదా. వినడంతో ఊరుకోరు, స్టేషనుకు ఉత్తరం రాస్తారు. అందులో "మీ కార్యక్రమం బహు బాగుంది" అనే మాట ఉన్నా లేకపోయినా, తేదీ ఉంటుంది, ఎన్ని గంటలకు విన్నారో ఉంటుంది, ఏ ఫ్రీక్వెన్సీ మీద విన్నారో ఉంటుంది, నిజంగా విన్నారనడానికి గుర్తుగా కార్యక్రమంలో ఏమేం వచ్చాయో ఉంటుంది. ఆపైన అయిదు అంకెలు. సిగ్నల్ బలం ఎంత, పక్క స్టేషన్ల గోల ఎంత, గరగర ఎంత, దారిలో ఒడిదుడుకులు ఎంత, మొత్తం మీద ఎలా వినిపించింది. ఒక్కోదానికి 1 నుంచి 5 దాకా మార్కు, గోల, గరగర ఎంత తక్కువైతే మార్కు అంత ఎక్కువ. అయిదూ అయిదులే వేశారంటే పక్కింటి రేడియో అంత చక్కగా వినిపించిందన్నమాట.

ఆ ఉత్తరం ఇంజనీర్లకు ఎందుకు ముఖ్యమో చూడండి. ట్రాన్స్‌మిటర్ దగ్గర కూర్చున్న మనిషికి తను పంపిన ధ్వని వేల మైళ్ల అవతల ఎలా చేరిందో తెలిసే దారి లేదు. అక్కడ వింటున్నవాడు చెప్పాలి. చెప్పినందుకు స్టేషన్ వాళ్లు "అవును, మీరు విన్నది మమ్మల్నే" అని ధ్రువపరుస్తూ ఒక బొమ్మల కార్డు పంపేవారు. క్యూఎస్ఎల్ కార్డు అంటారు దాన్ని. మన ఆకాశవాణి కూడా ఇలాంటి కార్డులు పంపింది. ఇళ్లలో సొంత సెట్లు పెట్టుకుని మాట్లాడుకునే హామ్ రేడియో వాళ్లలోనూ ఇదే ఆనవాయితీ. మాట ముగించేటప్పుడు శుభాకాంక్షలకు గుర్తుగా "73" అంటారు, ఆ తరవాత కార్డులు మార్చుకుంటారు. హైదరాబాద్‌లోనే హామ్‌లకు శిక్షణ ఇచ్చే జాతీయ సంస్థ ఉంది. అక్కడ తర్ఫీదైన వాళ్లనెవరినైనా అడగండి, కార్డుల పెట్టె తీసి చూపిస్తారు. సంభాషణలో ఆఖరి మర్యాద ఆ కార్డేనని వాళ్లలో ఒక నానుడి.

మళ్లీ మన మిద్దె మీదికి వద్దాం. కృతజ్ఞత చెప్పబోయి చెడగొట్టే పద్ధతి కూడా ఒకటుంది. నిమ్మ మొక్క మీద చిన్న గొంగళిపురుగు కనిపిస్తుంది, అచ్చం పిట్టరెట్టలా ఉంటుంది. దాన్ని ఫోటో తీసి ఐనేచురలిస్ట్ అనే వేదికలో పెడతారు. 2008లో అమెరికాలోని బర్కిలీ విద్యార్థులు చదువులో భాగంగా మొదలుపెట్టిన వేదిక అది. ఇప్పుడు ప్రపంచమంతా వాడుతోంది. ఎక్కడో ఉన్న తెలిసినవారెవరో దాన్ని చూసి, ఇది నిమ్మ సీతాకోకచిలుక పిల్ల అని పేరు చెబుతారు. ఆ పేరు పక్కనే "ఒప్పుకుంటున్నాను" అనే మీట ఉంటుంది. మనవాళ్లు పాపం, అంత పెద్దమనిషి చెప్పాక ఒప్పుకోకపోతే ఏం బాగుంటుందని దాన్ని నొక్కేస్తారు. అది థాంక్స్ మీట కాదు. నేను కూడా స్వయంగా చూసి గుర్తుపట్టాను అని సాక్ష్యం చెప్పే మీట. ఇద్దరు సాక్షులు కలిస్తే, తేదీ, చోటు కూడా సరిగా ఉంటే, ఆ ఫోటో పరిశోధనకు పనికొచ్చే స్థాయికి ఎక్కి, శాస్త్రవేత్తలు వాడుకునే అంతర్జాతీయ భాండాగారాల్లోకి వెళ్తుంది. అదే నిమ్మ మొక్క మీద, అదే కరివేపాకు మీద గుడ్లు పెట్టే నల్ల సీతాకోకచిలుక ఇంకోటి ఉంది. చిన్నప్పుడు రెండింటి పిల్లలూ ఒకేలా ఉంటాయి. మొదటి మనిషి పొరబడి ఉంటే మన మొహమాటం ఆ పొరపాటుకు ముద్ర వేసినట్టే. దానికి బదులు కింద ఒక మాట రాయండి: "థాంక్సండీ. ఏ గుర్తు చూసి చెప్పారు?" తెలిసినవాళ్లకు ఆ ప్రశ్న కంటే ఇష్టమైనది ఉండదు, ఉత్సాహంగా చెబుతారు. ఇంకా ఓపిక ఉంటే ఆ పురుగును నిమ్మ రెమ్మతో సహా జాలీ డబ్బాలో పెట్టి మేపి, గూడు కట్టి, రెక్కలొచ్చి బయటికి వచ్చాక ఆ ఫోటో కూడా పెట్టండి. ఇక వాదనే ఉండదు.

గ్రూపుల్లో ఇంకో ఇబ్బంది. వాట్సాప్ గ్రూపులో ఇప్పుడు 1024 మంది దాకా ఉండొచ్చు. ఒకరు కుండీ మట్టి పాళ్ల గురించి పూర్తి వివరం రాశారనుకోండి, ఎర్రమట్టి ఎంత, మాగిన పశువుల ఎరువు ఎంత, కొబ్బరిపొట్టు ఎంత, వేపపిండి ఎన్ని గుప్పెళ్లు అని. దాని వెనక నూటపాతిక మంది వరసపెట్టి "సూపర్", "థాంక్యూ మేడం", పువ్వు, చప్పట్లు. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి చూసినవాడికి ఆ వివరం ఎక్కడుందో దొరకదు. ఆ రాతను అదిమి పట్టుకుని బొమ్మ అంటించే సౌకర్యం 2022 నుంచి ఉంది, దాన్ని వాడితే రాత ఉన్నచోటే ఉంటుంది, మెచ్చుకోలూ అందుతుంది. నోరారా మెచ్చుకోవాలని ఉంటే అందులో ఏ ముక్క పనికొచ్చిందో చెప్పండి. "వేపపిండి సంగతి నాకు తెలీదండీ" అంటే అది మెచ్చుకోలు. "మీరు దేవుడండీ" అంటే పాపం ఆ మనిషి ఏం జవాబు చెబుతుంది?

ఆ మట్టిపాళ్ల రాత ఊరుకుంటుందా, ఊళ్లు తిరుగుతుంది. నెల తిరక్కుండా అక్షరం పొల్లుపోకుండా ఇంకో గ్రూపులో కనిపిస్తుంది, అడుగున "సేకరణ" అని ఉంటుంది. ఒక్కోసారి రాసినావిడకే తిరిగి వస్తుంది, "అక్కా, ఇది చాలా ఉపయోగపడుతుంది, చదవండి" అని. నవ్వాలో ఏడవాలో తెలియని పరిస్థితి. సేకరణ అన్న మాట మీద నాకు కొంచెం కోపమే. ఎక్కడి నుంచి సేకరించారో తెలిసినప్పుడు పేరు రాయడానికి ఎంతసేపు పడుతుంది? పేరుంటే ఇంకో లాభం కూడా ఉంది, అనుమానం వచ్చినవాడు ఎవరిని అడగాలో తెలుస్తుంది. రాసినవారికి తమ పేరు ఊరంతా తిరగడం ఇష్టం లేకపోతే అదీ వాళ్లే చెబుతారు, ముందు ఒక మాట అడిగితే.

విత్తనాల దగ్గర మర్యాద ఇంకాస్త బరువు. ఎవరో తమ పెరటి చిక్కుడు గింజలు పంపుతామంటారు. తీసుకునేవారు తమ చిరునామా రాసి స్టాంపు అంటించిన కవరు పంపడం కనీస ధర్మం, ఇచ్చేవారి చేతి నుంచి గింజలూ పోయి డబ్బులూ పోకూడదు. అందగానే అందాయని చెప్పాలి. మొలిచాక ఎన్నిట్లో ఎన్ని మొలిచాయో చెప్పాలి. ఇచ్చినవారికి తమ గింజ వయసు, సత్తువ తెలిసేది అప్పుడే. చిక్కుడు చాలావరకు తన పుప్పొడితోనే కాయ కడుతుంది కాబట్టి మన గింజలు తల్లిలాగే వస్తాయి, పంట అయ్యాక ఇంకో ఇద్దరికి ధైర్యంగా పంచవచ్చు. సొర, బీర, దోస అలా కాదు. తేనెటీగలో చిమ్మెటలో పక్కింటి రకం పుప్పొడి తెచ్చి అద్దేస్తాయి. ఫలానా వారి పొడుగు సొర అని చెప్పి మనం పంచిన గింజకు గుండ్రటి కాయలు కాస్తే పోయేది ఆ ఫలానా వారి పరువు. అందుకే, పక్కన ఇంకో రకం ఉన్నట్టయితే ఆ సంగతి కూడా చెప్పి ఇవ్వాలి.

సలహా పనిచేయకపోతే? చాలామంది ఇక్కడే మొహం చాటేస్తారు. పెద్దవారు చెప్పారు, ఫలించలేదు అంటే నొచ్చుకుంటారేమోనని. ఒక గ్రూపులో జరిగింది చెబుతాను. సొరపిందెలు పసుపు రంగుకు తిరిగి రాలిపోతున్నాయని ఒకాయన అడిగాడు. మగపువ్వు కోసి ఆడపువ్వుకు అద్దండి, పిందె ఉన్నదే ఆడపువ్వు అని ఒకావిడ చెప్పింది. వారం తరవాత ఆయన మళ్లీ వచ్చాడు. "మీరు చెప్పినట్టే చేశానండీ. రోజూ పొద్దున తొమ్మిదింటికి, పూజ అయ్యాక. ఒక్కటీ నిలవలేదు." ఆ తొమ్మిది అన్న మాటతో గుట్టు విడిపోయింది. గుమ్మడి పువ్వు తెల్లవారుజామున విచ్చుకుంటుంది, సొరపువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది. పొద్దున తొమ్మిదికి అది వాడిపోయి ఉంటుంది. వేళ చెప్పాలన్న సంగతి ఆవిడకు తట్టలేదు, ఏళ్ల తరబడి సాయంత్రం పూటే చేస్తోంది కాబట్టి. ఇప్పుడు ఎవరడిగినా ఆవిడ జవాబు "సాయంత్రం దీపం పెట్టే వేళకి" అనే మొదలవుతుంది. ఆయన నొప్పించకుండా చెప్పిన తీరు చూడండి. మీరు తప్పు చెప్పారనలేదు. తను ఏం చేశాడో, ఎప్పుడు చేశాడో, ఏమైందో చెప్పాడు.

కృతజ్ఞత పేరుతో చేయకూడనిది ఒకటి చెప్పక తప్పదు. గ్రూపులో సలహా ఇచ్చిన ఆడవాళ్లకు విడిగా సందేశాలు మొదలవుతాయి. మొదటిది "థాంక్యూ మేడం". రెండోది "మీ ప్రొఫైల్ ఫోటో బాగుంది". మూడోది "భోజనం చేశారా?" సొరపాదుకూ ఆవిడ భోజనానికీ సంబంధం ఏమిటి? నలుగురిలో అందిన సాయానికి నలుగురిలోనే థాంక్స్ చెప్పాలి. రాత్రి పదింటికి వీడియో కాల్ చేసి "ఒక్కసారి మా మొక్క చూడండి మేడం" అనడం కూడా ఈ కోవలోకే వస్తుంది. ఇలాంటివి భరించలేక గ్రూపు నుంచి తప్పుకున్నవాళ్లలో బాగా తెలిసినవాళ్లే ఎక్కువ.

ఇక సాయం చేసేవారికి కూడా ఒక మాట. అడిగినవాళ్లు తిరిగి రాకపోతే "ఈ రోజుల్లో ఎవరికీ విశ్వాసం లేదు" అని గ్రూపులో వాపోవడం కంటే, జవాబు చివర "పదిహేను రోజుల తరవాత ఎలా ఉందో ఫోటో పెట్టండి" అని ముందే అడగండి. చాలామందికి ఆ కబురు ఎవరికైనా కావాలన్న సంగతే తెలియదు. డాక్టరుగారు మళ్లీ రమ్మంటేనే వెళ్లే జనం మనం.

ఎప్పుడో ఏడాది కింద ఎవరో చెప్పిన సలహాతో మీ మొక్క నిలబడిందా? ఇంత ఆలస్యంగా ఏం చెబుతాంలే అనుకోకండి. మొక్కల విషయంలో ఏడాది ఆగి చెప్పిన కబురుకే విలువ ఎక్కువ, రెండో కాపు కూడా చూసి చెబుతున్నారు కనుక. చెప్పిందెవరో గుర్తులేకపోతే గ్రూపులో పాత మాటలు వెతికే సౌకర్యం ఉంటుంది, అందులో మొక్క పేరో జబ్బు పేరో కొట్టి వెతకండి. పాత మాట దొరుకుతుంది, దాని కిందే జవాబు రాయండి. ఫోన్ మారి పాతవన్నీ పోయి ఉంటే నేరుగా గ్రూపునే అడగండి: "పోయిన వేసవిలో నా నిమ్మకు చెప్పింది ఎవరండీ? ఈసారి కాపు నిలిచింది." ఆవిడ కాకపోయినా, ఆవిడను ఎరిగినవాళ్లు ఎవరో ఒకరు పలుకుతారు.

సెలవు. నమస్కారం.