చలికాలానికి బోటు దాచే ముందు పెట్రోల్ పని ఇలా పూర్తి చేయండి

[తెర మీద: ఇంటి ముందు ట్రైలర్ ఎక్కించిన పాంటూన్ బోటు. చుట్టూ రాలిన మేపుల్ ఆకులు.]

నమస్కారమండీ. మినెసోటాలో అక్టోబర్ దాటుతోందంటే బోటు నీళ్లలోంచి బయటికి రావాల్సిందే. సరస్సుల మీద మంచు కరిగి మళ్లీ దింపేసరికి ఏప్రిల్, ఉత్తరాన అయితే మే. అంటే దాదాపు ఆరు నెలలు ట్యాంకులో పెట్రోల్ కదలకుండా ఉండిపోతుంది. కవర్ కప్పడం, బ్యాటరీ తీసి లోపల పెట్టడం అందరికీ గుర్తుంటాయి. పెట్రోల్ దగ్గరే పొరపాటు జరుగుతుంది.

పెట్రోల్ పాడవకుండా కాపాడే మందు, అంటే స్టెబిలైజర్, సీసా తెచ్చి, బోటు ఇంటికొచ్చాక ట్యాంకులో పోసి మూత బిగించేస్తారు చాలామంది. ట్యాంకులో పెట్రోల్‌కి మందు పడింది, సరే. మరి గొట్టాల్లో, ఫిల్టర్‌లో, ఇంజిన్‌లో నిలిచిన పెట్రోల్ సంగతేంటి? అక్కడికి ఒక్క చుక్క కూడా చేరలేదు. ఆరు నెలల్లో జిగురు పట్టి ముందు మూసుకుపోయేది ఆ సన్నటి దారులే. అందుకే మందు పోయాల్సింది ఆఖరి షికారు తర్వాత కాదు, దానికి ముందు.

[క్లోజప్: పెట్రోల్ పంపు మీద 91 ఆక్టేన్ బటన్.]

సరస్సుకు వెళ్లే దారిలో బంకు దగ్గర ఆపండి. సీసా మీద రాసిన కొలత ప్రకారం స్టెబిలైజర్ ముందు పోసి, దాని మీద పెట్రోల్ పట్టించండి. అప్పుడు బాగా కలుస్తుంది. మినెసోటాలో బంకుల్లో మామూలుగా దొరికేది పది శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. కానీ పడవలకు, స్నోమొబైళ్లకు, పాతకాలపు కార్లకు ఇథనాల్ లేని 91 ఆక్టేన్ అమ్ముకోవచ్చని ఇక్కడి చట్టంలోనే మినహాయింపు ఉంది. నాలుగు డబ్బులు ఎక్కువైనా ఈ ఆఖరి ట్యాంకుకి అదే పట్టించండి. ఇక పదిహేను శాతం కలిపిన ఈ-15 జోలికి ఏ కాలంలోనూ వెళ్లొద్దు. బోటు ఇంజిన్లలో దాన్ని వాడటానికి అమెరికాలో అనుమతి లేదు.

ఇథనాల్ మీద ఇంత పట్టు ఎందుకో చూడండి.

[క్లోజప్: గాజు సీసాలో పాత పెట్రోల్. పైన లేత పసుపు, అడుగున వేరే రంగు పొర, మధ్యలో స్పష్టమైన గీత.]

వానాకాలంలో మూత తీసి పెట్టిన ఉప్పు చెమ్మగిల్లినట్టు, ఇథనాల్ గాలిలో తేమను లాక్కుంటుంది. బోటు ట్యాంకుకి గాలి వెంట్ తెరిచే ఉంటుంది కదా, అక్కడి నుంచి తేమ వస్తూనే ఉంటుంది. 60 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర ఈ-10 పెట్రోల్ సుమారు అర శాతం నీటిని తనలో కలుపుకుని ఉంచగలదు. 30 గ్యాలన్ల ట్యాంకులో అది అర లీటరు పైమాటే. చలి పెరిగేకొద్దీ ఆ శక్తి తగ్గుతుంది. హద్దు దాటగానే నీళ్లూ ఇథనాలూ కలిసి ఒక పొరగా విడిపోయి అడుక్కి దిగిపోతాయి. ఇంజిన్‌కి వెళ్లే గొట్టం పీల్చేది సరిగ్గా ఆ అడుగునుంచే. వసంతంలో తాళం తిప్పగానే ఇంజిన్ నోట్లోకి మొదట వెళ్లేది అదే. పైన మిగిలిన పెట్రోల్‌లో కూడా ఇథనాల్ పోయినందుకు ఆక్టేన్ తగ్గిపోతుంది. ఒకసారి విడిపోయాక ఏ మందు పోసినా లాభం లేదు, మొత్తం తోడేయాల్సిందే.

ట్యాంకు నిండా ఉంచాలా, ఖాళీ చేయాలా అని వాదనలు చాలా ఉన్నాయి. నేను నిండుగా ఉంచమనే చెబుతాను. సగం ఖాళీ ట్యాంకులో గాలి ఎక్కువ, దాంతోపాటు తేమా ఎక్కువ. పూర్తిగా ఖాళీ చేద్దామంటే బిగించిన ట్యాంకులో చివరి చుక్క దాకా తీయడం కుదరదు. అయితే మూతిదాకా కాదు, 95 శాతం చాలు. ఎండలు వచ్చాక పెట్రోల్ వ్యాకోచించడానికి చోటుండాలి. బంకులో నింపాక చేసే షికారులో ఎలాగూ కాస్త ఖర్చవుతుంది, ఆ ఖాళీ సరిపోతుంది. వెంట్‌కి మాత్రం గుడ్డ కుక్కొద్దు, టేపు వేయొద్దు.

నీళ్లలో దింపాక కనీసం పదిహేను నిమిషాలు నడపండి. మందు కలిసిన పెట్రోల్ ఇంజెక్టర్ల దాకా చేరేది అప్పుడే.

[తెర మీద: ఇల్లు, ఆరుబయట. చేతికి తొడుగులు, పక్కన మంటలార్పే సిలిండర్.]

ఇంటికొచ్చాక నీటిని వేరుచేసే ఫిల్టర్ మార్చండి. పాతది నిలువుగా పట్టుకుని విప్పి, అందులోది గాజు సీసాలోకి వంచి పది నిమిషాలు కదపకండి. అడుగున గీత కనిపిస్తే ట్యాంకులోకి నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయో ఇప్పుడే వెతకాలి. ఎక్కువసార్లు పెట్రోల్ మూత దగ్గరి రబ్బరు రింగు చీలి ఉంటుంది. కొత్త ఫిల్టర్ రబ్బరుకి కాస్త ఇంజిన్ ఆయిల్ రాసి చేత్తోనే బిగించండి. పెట్రోల్ గొట్టం మధ్యలో ఉండే రబ్బరు పంపు, అంటే ప్రైమర్ బల్బు, గట్టిపడే దాకా నొక్కి, ఎక్కడా కారడం లేదని చూడండి. అప్పుడే గొట్టాల మీద పొడిగుడ్డ పెట్టి తుడిచి వాసన చూడండి. గుడ్డకి పెట్రోల్ వాసన అంటిందంటే గొట్టం మార్చాల్సిందే.

తర్వాత మఫ్స్, అంటే ఇంజిన్ నీళ్లు పీల్చే రంధ్రాల మీద పెట్టే రబ్బరు కప్పులు, తగిలించి, వాటికి బిగించిన గొట్టంలో నీళ్లు వదిలాకే ఇంజిన్ స్టార్ట్ చేసి కొన్ని నిమిషాలు నడపండి. ఫ్యూయల్ ఇంజెక్షన్ ఇంజిన్ అయితే పెట్రోల్ గొట్టం పీకి ఆగిపోయేదాకా నడపొద్దు. దాని ఎలక్ట్రిక్ పంపుకి చల్లదనం, జారుడు రెండూ పెట్రోల్ వల్లే. కార్బురేటర్ ఇంజిన్ పద్ధతి వేరు. అక్కడ గొట్టం తీసి ఇంజిన్ ఆగేదాకా నడపొచ్చు, లేదా కార్బురేటర్ కప్పు అడుగున స్క్రూ విప్పి పెట్రోల్ దించేయొచ్చు. ఆయిల్ కలిపి వాడే టూ స్ట్రోక్ అయితే, పెట్రోల్ అయిపోతుంటే ఆయిల్ కూడా అందదు కాబట్టి, ఆగేముందు లోపలి భాగాలు తుప్పు పట్టకుండా కాపాడే ఫాగింగ్ ఆయిల్ స్ప్రే చేయాలి. మిగతావాటికి ఫాగింగ్ ఎలాగో ఇంజిన్ మాన్యువల్లో ఉంటుంది, అదే పాటించండి. పని అయ్యాక, బోటు వెనక బయట తగిలించే ఇంజిన్ అయితే, ఆ అవుట్‌బోర్డ్‌ని నిలువుగా దించి ఉంచండి, లోపలి నీళ్లు కారిపోతాయి.

చేతిలో మోసే ఎర్ర ట్యాంకుల్లో మిగిలిన పెట్రోల్‌లో ఆయిల్ కలపకపోతే కారులో పోసేయండి. ఆ ట్యాంకుని వాటర్ హీటర్ ఉన్న గ్యారేజీలో పెట్టొద్దు. పెట్రోల్ ఆవిరి గాలికన్నా బరువు, నేల మీదే పాకుతూ మంట దాకా వెళ్తుంది. పాడైన పెట్రోల్‌ని మీ కౌంటీ ప్రమాదకర వ్యర్థాల కేంద్రంలో అప్పగించండి.

[తెర మీద: వసంతం. కవర్ తీస్తున్న చేతులు.]

మళ్లీ దింపే రోజు, ఇంజిన్ లోపల ఉండే బోటు అయితే ఇంజిన్ గదిలోని ఆవిరిని బయటికి తోసే ఫ్యాన్ (బ్లోయర్) నాలుగు నిమిషాలు తిప్పి, ఇంజిన్ గది మూత ఎత్తి ముక్కుతో వాసన చూశాకే తాళం తిప్పండి. అవుట్‌బోర్డ్ అయితే బల్బు నొక్కి, గొట్టాలు మరోసారి చూసుకుని, మొదటి స్టార్ట్ ఇంటి దగ్గరే మఫ్స్ మీద చేయండి. మినెటోంకా సరస్సు ర్యాంపు మీద ఇంజిన్ మొరాయిస్తే వెనక పది ట్రైలర్లు ఆగిపోతాయి.