బండిల ఇంటి బ్యాటరీ మార్చేటప్పుడు

శ్రోతలందరికి నమస్తే. మాది నల్లగొండ. టెంపో ట్రావెలర్‌ల సీట్లు తీసేసి రెండు మంచాలు, చిన్న ఫ్రిజ్, రెండు ఫ్యాన్లు పెట్టించుకున్నం, సెలవులొస్తె అమ్మను, పిల్లలను ఎక్కించుకొని పోతుంటం. బండి స్టార్ట్ చేసే సెల్ఫ్ బ్యాటరీ వేరు, ఈ ఫ్యాన్లు ఫ్రిజ్ నడిపే బ్యాటరీలు వేరు, నేను చెప్పేది ఈ రెండో రకం గురించి.

మొన్న ఎండాకాలం సోమశిల పోయినం, కృష్ణ ఒడ్డున బండి ఆపి పడుకున్నం. నడిరాత్రి ఫ్యాన్ మెల్లమెల్లగ తిరిగి ఆగిపోయింది, ఎంటనే ఫ్రిజ్ కూడ. ఉక్కపోతైతే ఎట్లనో ఓర్సుకుంటం గాని ఫ్రిజ్‌ల మా అమ్మ ఇన్సులిన్ ఉంది, అది 2 నుంచి 8 డిగ్రీల మధ్యల ఉండాలె, తెల్లారేదాక నాకు నిద్ర పట్టలే. పొద్దుగాల కొల్లాపూర్‌ల ఒక మెడికల్ షాపాయనను బతిమాలి వాళ్ల ఫ్రిజ్‌ల పెట్టించిన.

ఇంటికొచ్చి ఫుల్ చార్జింగ్ పెట్టి, మూతలు తీసి హైడ్రోమీటర్‌తోని (యాసిడ్ చిక్కదనం కొలిచే గొట్టం) చూస్తె పాత బ్యాటరీల ఐదు సెల్లు 1.220 చూపిస్తున్నయి, ఆరోది 1.120 కూడ లేదు, అంటె ఆ సెల్లు పోయినట్టే. అసలు తప్పు నాదే, ఏడాది కింద రెండిట్ల ఒక్కటే మార్పించిన, పైసలు మిగుల్తయని. పాతది కొత్తదాన్ని కూడ గుంజేసింది. జంటగ ఉన్నయంటె జంటగనే మార్చాలె.

ఈసారి షాపుకు పోకముందు కాగితం మీద లెక్క రాసుకున్న. ఫ్రిజ్ నడిచినప్పుడు 4 ఆంపియర్లు తింటది, ఆగుతు నడుస్తు రోజుకు 50 ఏహెచ్ (ఆంపియర్ అవర్, అంటె ఆంపియర్లను గంటలతోని గుణిస్తె వచ్చేది) దాక అయితది, ఫ్యాన్లు, లైట్లు, ఫోన్లు కలిపి ఇంకో 30. అంటె రోజుకు 80, రెండు రోజులు ఒక్కకాడ ఉంటె 160. లెడ్ యాసిడ్ బ్యాటరీని సగం కంటె ఎక్కువ వాడితె తొందరగ పాడైతది కాబట్టి ట్యూబులర్‌వి 160 ఏహెచ్‌వి రెండు పెట్టాలె, నూరు కిలోలు దాటుతది, నీళ్లు పొయ్యాలె, గ్యాస్ బయటికి పోయే దారి పెట్టాలె. ఇంటి ఇన్వర్టర్‌కు అది మంచిదే, కదిలే బండికి నాకు నచ్చలే. లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌దైతె 80 శాతం వాడుకోవచ్చు, 200 ఏహెచ్ సరిపోతది, బరువు 25 కిలోలకు అటిటు. ధర ఎక్కువనే, అయినా నేను అదే తీసుకున్న.

మీరు లెడ్ యాసిడే కొంటె స్టిక్కర్ మీద సీ10 ఉందా సీ20 ఉందా (ఎన్ని గంటల వాడకం మీద కొలిచిండ్రో) చూడుండ్రి. సీ20 మీద 150 అంటె ఇరవై గంటలు మెల్లగ వాడితెనే 150, పది గంటల్ల గుంజితె అంత రాదు. తయారైన నెల కూడ అడగాలె, షాపుల నెలల తరబడి చార్జింగ్ లేకుండ పడి ఉన్నది కొత్తదైనా అప్పటికే దెబ్బతిని ఉంటది. మన నల్లగొండ ఎండల సంగతి తెలిసిందే కదా, 25 డిగ్రీల మీద పది డిగ్రీలు పెరిగితె లెడ్ యాసిడ్ ఆయుష్షు దాదాపు సగమైతది. అందుకే ఇంజన్ పక్కన, ఎండ తగిలే డిక్కీల పెట్టొద్దు. లిథియం కూడ బాగ వేడెక్కితె లోపలి బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే సర్క్యూట్) చార్జింగే ఆపేస్తది, మాది మంచం కింద గాలి ఆడేకాడ పెట్టించిన.

ఇంకోటి, లిథియంను నేరుగ బండి ఆల్టర్నేటర్‌కు (ఇంజన్ తిరిగేటప్పుడు కరెంటు తయారుచేసేది) కలిపితె అది ఒక్కసారి మస్తు కరెంటు గుంజుతది, ఆల్టర్నేటర్ కాలిపోవచ్చు. మధ్యల కరెంటును అదుపుల పెట్టే డీసీ టు డీసీ చార్జర్ పెట్టాలె, బ్యాటరీ పక్కనే ఫ్యూజ్ పెట్టాలె. ఓల్టేజి చూసి ఎంత మిగిలిందో లిథియంల తెల్వదు, చివరిదాక 13 దగ్గరనే నిలబడ్తది, అందుకే వచ్చే పోయే కరెంటును లెక్కగట్టే షంట్ మీటర్ పెట్టించిన, శాతం చూపిస్తది, అమ్మ కూడ పడుకునేముందు అదే చూస్తది.

పాత రెండు షాపుల్నే ఇచ్చేసిన, బిల్లుల తగ్గించిండ్రు. యాసిడ్ మాత్రం మోరిల పొయ్యకుండ్రి.